అరువు కంప్యూటర్లు

భిలాయి పవర్ హౌస్ మార్కెట్‌లో బట్టల కొట్ల వరస చివర, మెట్లెక్కి పైకి వెళ్తే శంఖినీ ఆన్‌లైన్ యూనివర్సిటీ వారి స్టడీ సెంటర్ ఉండేది. రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, ఒక టెలిఫోను లైను. నాలుగింటిలో పనిచేసేది ఒకటే. ఆ ఒక్కదానికీ లైను దొరికితేనే పాఠం. దొరికాక తెరమీద మేష్టారి ముఖం వచ్చేది, నోరు తెరిచి అలాగే ఆగిపోయేది. ఆయన మళ్ళీ కదిలేదాకా మేమంతా ఆ నోటివైపే చూస్తూ కూర్చునేవాళ్ళం.

"సారుది కొండనాలిక కూడా కనబడతంది. పాఠమే కనబడ్డం నేదు" అనేవాడు ఇమ్మాను. ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టరు దగ్గర వెల్డింగ్ చేసి, షిఫ్టు దిగి, బట్టల మీద నిప్పురవ్వల చిల్లులతోనే క్లాసుకు వచ్చేవాడు.

నాది పాలకొండ వైపు ఒక పల్లెటూరు. పేరు నూకరత్నం. అక్కడి బళ్ళో తెలుగులోనే చదువుకుని, ఇంటర్ అయ్యాక ఖుర్సీపార్‌లో మా మేనత్త సింహాచలమ్మ ఇంటికి వచ్చాను. ఆ వాడలో తెలుగు పిల్లల కోసం నడిచే చిన్న బడి ఒకటుంది. అందులో ఒకటో తరగతికి చెప్పడానికి నన్ను తీసుకున్నారు. ప్రస్తుతానికే. డిగ్రీ సంపాదిస్తే ఉంచుతామని, లేకపోతే డిగ్రీ ఉన్న అమ్మాయి దొరికేదాకానే అని పెద్ద మేడమ్ ముందే చెప్పింది. నాకు ఆ బడిలో ఉండిపోవాలని ఉండేది. పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడి, బళ్ళోకి వచ్చి రెండూ కలిపి నాతో దెబ్బలాడేవారు. వాళ్ళ మాట వింటూ ఎంతసేపైనా కూర్చోగలననిపించేది. అందుకే శంఖినీలో బి.ఎ.కి చేరాను.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. కొత్త చట్టం ఒకటి వచ్చి, దాని కింద రాయపూర్‌లో పేరు తెలియని యూనివర్సిటీలు ఎన్నో పుట్టాయి. కొన్నింటికి బోర్డు తప్ప ఇంకేమీ లేదని పేపర్లో రాసేవారు. శంఖినీ మీద మాత్రం మావాళ్ళెవరికీ అనుమానం రాలేదు. సెంటర్ తెరిచిన రోజున చర్చి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. మా మామయ్య శంకరరావు గడప దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. ఖుర్సీపార్ తెలుగువాళ్ళలో ఈ రెండూ జరిగిన చోటును ఇంకెవరూ పరీక్ష చేయరు.

అంతకన్నా పెద్ద కారణం, అక్కడ వెరోనికా అక్క కూర్చోవడం.

ఆవిడ సత్యరాజుగారి అమ్మాయి. సత్యరాజుగారు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఒవెన్ బట్టీల్లో పనిచేసి రిటైరైన మనిషి. తల్లి మంచం పట్టడంతో అక్క చదువు ఇంటర్ దగ్గరే ఆగిపోయింది. తల్లి పోయాక టైపు నేర్చుకుంది, కంప్యూటర్ నేర్చుకుంది. శంఖినీ వాళ్ళు ఆవిణ్ణి సెంటర్ కోఆర్డినేటర్‌గా పెట్టుకున్నారు. పెట్టుకున్న నెలలోనే ఆవిడ తను కూడా మాతో బి.ఎ.కి పేరు రాయించుకుంది. ముప్పై దాటిన మనిషి, జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, తలుపు తీసి, గది ఊడ్చి, మాకు పుస్తకాలిచ్చి, తరువాత మాతోపాటే చాప మీద కూర్చునేది.

నాకు హిందీ రాదు. పాఠాలన్నీ హిందీలోనే. అక్క నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, ఎదుటి కొట్ల బోర్డులు ఒక్కొక్కటే చదివించేది. నేను తప్పు చదివితే నవ్వేది కాదు. "మళ్ళీ చూడు. ఆ కొట్టువాడికి నువ్వు తప్పు పేరు పెట్టావనుకో, బిచారా, పాపం, వాడి గిరాకీ పోతుంది" అనేది. ఏడాది తిరిగేసరికి నేను హిందీలో ఒక పేజీ రాయగలిగాను.

మొదటి సంవత్సరం పరీక్షలు సెంటర్లోనే జరిగాయి. జవాబు పేపర్లన్నీ కట్టలు కట్టి అక్క తెల్ల గుడ్డలో కుట్టింది. తెల్లదారం అయిపోతే నీలం దారంతో గొలుసుకుట్టు వేసింది. లక్క కరిగించి పోసింది కానీ, ముద్ర వేయడానికి సీలు లేదు. ఇమ్మాను జేబులోంచి ఒక నట్టు తీసి ఇచ్చాడు. "ప్లాంటు సీలక్కా, దీన్ని ఎవుడూ కాపీ కొట్టలేడు" అన్నాడు. లక్క మీద ఆరు మూలల ముద్రలు పడ్డాయి. కట్టలు రాయపూర్ వెళ్ళాయి. కొద్ది వారాలకే మార్కులు వచ్చాయి. అందరం పాసయ్యాం. అక్కకు, నాకు ఫస్ట్ క్లాసు. సత్యరాజుగారు గల్లీ మొత్తానికి జిలేబీ పంచాడు.

రెండో సంవత్సరం మొదలయ్యాక ఒకరోజు రాయపూర్ నుంచి డైరెక్టర్ బలరాం సార్ కారులో వచ్చాడు. ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వస్తోందని, వాళ్ళు తృప్తిపడితే శంఖినీకి గుర్తింపు వస్తుందని చెప్పాడు. అప్పటిదాకా మా యూనివర్సిటీకి గుర్తింపు లేదన్న సంగతి మాకు తెలియదు. చట్టం కింద పుట్టింది కాబట్టి అన్నీ ఉన్నాయనే అనుకున్నాం. బలరాం సార్ ఎంత తేలిగ్గా చెప్పాడంటే, ఎవరూ కంగారుపడలేదు. "ఒక్క రోజు విజిట్. సెంటర్ నిండుగా కనబడాలి. మీ భిలాయివాళ్ళకు నేను చెప్పాలా?" అని నవ్వాడు.

నిజమే, చెప్పక్కర్లేదు. భిలాయిలో ఎవరైనా పెద్దవాళ్ళు వస్తున్నారంటే రోడ్ల అంచులకు సున్నం గీతలు పడతాయి. చెట్ల మొదళ్ళకు ఎర్రరంగు పూస్తారు. నర్సరీ నుంచి పూలకుండీలు లారీలో వచ్చి, సాయంత్రం అదే లారీలో వెళ్ళిపోతాయి. అందులో ఎవరికీ మోసం కనిపించదు. ఇంటికి చుట్టాలొస్తే పక్కింటి కుర్చీలు తెచ్చుకోవడం లాంటిదే. పిల్లలు కూడా ఆ రోజు బాగా దువ్వుకుని వీధిలోకి వస్తారు.

మా సెంటర్‌కు విజిట్ అని తెలియగానే ఖుర్సీపార్ అంతా కదిలింది. ఇమ్మాను తన స్నేహితుడి టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఆటోలో కంప్యూటర్లు తెచ్చాడు. చర్చి నుంచి కుర్చీలు, తెలుగు సంఘం లైబ్రరీ నుంచి బీరువా నిండా పుస్తకాలు వచ్చాయి. సెక్టర్ 6 క్వార్టర్లలో సత్యరాజుగారికి తెలిసినవాళ్ళు పూలకుండీలు ఇచ్చారు. వీటన్నింటికీ ఇల్లిల్లూ తిరిగి అడిగింది వెరోనికా అక్కే. అక్క అడిగితే కాదనేవాళ్ళు లేరు.

"ఏటే రత్నం, మెట్లకి సున్నం గీతలు ఎవులు ఏత్తన్నారు?" అని అడిగింది మా అత్త.

"మెట్లక్కూడానా అత్తా?"

"ఓలమ్మ! గీత నేని విజిట్ ఏటే? మీ మామని పంపుతానుండు. రైలు పట్టాల కాడ ముప్పయ్యేళ్ళు గీసినాడు."

మామయ్య నిజంగానే వచ్చి గీశాడు. బట్టల కొట్టువాడు తన గుమ్మానికి కూడా వేయమని అడిగితే వేశాడు.

బలరాం సార్ మరోసారి వచ్చి చూసి సంతోషించాడు. తరువాత ఒక్కొక్కరికీ ఏం చెప్పాలో నేర్పాడు. పాఠాలు రోజూ జరుగుతాయని చెప్పాలి. లైబ్రరీ మొదట్నుంచీ ఉందని చెప్పాలి. అధ్యాపకులు కావాలి కదా అని చుట్టూ చూసి, కుండీలు సర్దుతున్న సత్యరాజుగారిని పిలిచాడు. ఆయన పొడగరి, తెల్ల మీసం, కళ్ళజోడు. "వీరు మన అర్థశాస్త్రం ప్రొఫెసర్" అన్నాడు బలరాం సార్.

అందరూ గొల్లుమన్నారు. సత్యరాజుగారికి మాత్రం అది బాగా నచ్చింది. రిటైర్మెంట్ రోజున కుట్టించుకున్న కోటు ఇంట్లోంచి తెప్పించుకుని తొడుక్కున్నాడు.

"ఒలే వెరోనికా, గుండీ పడ్డం నేదే."

"ప్రొఫెసర్ సాబ్‌కి రేషను ఎక్కువైపోనాది" అన్నాడు ఇమ్మాను.

"నోరు ముయ్యరా! ప్రొఫెసరుతో మాటాడీది అలగేనా? మార్కులు కోసేత్తాను."

అక్క కూడా నవ్వింది. నేను అక్క ముఖమే చూస్తున్నాను, అందుకే ఆ నవ్వు మధ్యలో ఆగిపోవడం నాకు తెలిసింది. ఆవిడ బలరాం సార్‌ని హిందీలో అడిగింది. "విజిట్ అయ్యాక ఈ కంప్యూటర్లు వెళ్ళిపోతాయి కదా సార్. మా కంప్యూటర్లు ఎప్పుడొస్తాయి?"

"ముందు గుర్తింపు రానీ బెహన్ జీ. మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి."

అక్క తల ఊపింది.

విజిట్‌కు ముందురోజు, గుమ్మానికి కట్టే శంఖినీ బేనర్ తేవడానికి అక్క రాయపూర్ వెళ్తూ నన్ను తోడు తీసుకువెళ్ళింది. పవర్ హౌస్ స్టేషన్‌లో లోకల్ ఎక్కాం. మా యూనివర్సిటీని చూడబోతున్నానని నేను మంచి చీర కట్టుకున్నాను. చిరునామా అడుగుతూ వెళ్తే అది ఒక మిఠాయి కొట్టు పైన తేలింది. మా సెంటర్ కన్నా కాస్త పెద్ద గదులు, అంతే. ఎవరూ లేరు. ఒక ముసలి చప్రాసీ బెంచీ మీద పడుకుని ఉన్నాడు. బేనర్ మెట్ల కింద ఉంది, తీసుకోండి అన్నాడు లేవకుండానే.

మెట్ల కింద గుడ్డ కట్టలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఊరూరి సెంటర్లవి. బేనర్ వాటి వెనకాల ఉంది. అక్క వంగి ఒక కట్ట పక్కకు జరిపింది. దాని మీద నీలం దారం గొలుసుకుట్టు కనిపించింది. లక్క మీద ఆరు మూలల ముద్రలు అన్నీ అలాగే ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు.

అక్క ఆ ముద్రల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. కట్టను తిప్పి వెనక చూసింది. కుట్టు ఎక్కడా తెగలేదు. మేమంతా పాసైన పేపర్లు అందులోనే ఉన్నాయి.

కట్టను తిరిగి జాగ్రత్తగా పెట్టింది. బేనర్‌ని ముట్టుకోకుండా బయటికి వచ్చేసింది.

తిరుగు రైలెక్కాం. కుమ్హారీ స్టేషను దాటాక అక్క అంది, "నాకు ఫస్ట్ క్లాస్ అట, రత్నం. డాడీ జిలేబీ పంచీసినాడు." నవ్వబోయింది కానీ రాలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని నావైపు తిరిగింది.

"ఇది చూడు. రేపు అన్నీ చూపించీసి విజిట్ పాస్ చేయించేస్తే నీకు డిగ్రీ కాగితం వస్తుంది. నీ బడి నీకుంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పానంటే ముందు దెబ్బ నీకే. నీ సంగతి నేనొక్కర్తినే తేల్చీలేను. నువ్వు చెప్పు, ఏటి చెయ్యాల?"

నన్ను ఎవరూ అలా అడగలేదు అంతకుముందు. కిటికీలోంచి చూశాను. నాకు తోచింది బడి ఒక్కటే.

"పలక చూడకుండా ఊరికే టిక్కు పెట్టీసినాననుకో అక్కా, ఒకటో క్లాసు గుంటలకి కూడా తెలిసిపోద్ది. మర్నాటి నుంచి రాయడం మానీసి గీతలు గీసి తెస్తారు."

"అంటే?"

"నాకు ఆ టిక్కు వద్దక్కా."

అక్క నా చెయ్యి పట్టుకుంది. పవర్ హౌస్ వచ్చేదాకా వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే నేను వెళ్ళేసరికి అక్క అరువు కంప్యూటర్లు మెట్ల మీంచి దింపిస్తోంది. ఇమ్మాను ఆటోలో సర్దుతూ సణుగుతున్నాడు. కుర్చీలు చర్చికి వెళ్ళిపోయాయి. పుస్తకాలు రిక్షా ఎక్కుతున్నాయి. ఈలోగా మా అత్త వచ్చింది.

"ఇదేటమ్మా వెరోనికా! పెళ్ళికి ముందే పందిరి పీకేత్తన్నావేటి? మేం ఇచ్చిన సామాన్లు బాగోనేదా?"

"బాగున్నాయి పిన్నీ. మీరు చాలా మంచి మనసుతో ఇచ్చారు. అందుకే వాటిచేత అబద్ధం చెప్పించడం నాకు బాగోలేదు."

"కుర్చీలు అబద్ధం సెప్తాయేటి?" అని అత్త నావైపు చూసింది. నేను కుండీ ఎత్తుకుని కిందికి దిగిపోయాను.

కోటు వేసుకుని సత్యరాజుగారు వచ్చేసరికి గది బోడిగా ఉంది. విషయం తెలిశాక ఆయన ముఖం చూడలేకపోయాను. కట్టల సంగతి అక్క చెబుతూంటే విన్నాడు, కానీ కోటు మాత్రం విప్పలేదు.

"మరి ఊళ్ళో నానేటి సెప్పాల? ప్రొఫెసరు ఉజ్జోగం పోనాదనా?"

"ఒకసారి రిటైరైపోనావు కదా డాడీ. రెండోసారి ఐపో."

"నవ్వులాట కాదే. విజిట్ కోసం మేం రంగులు ఎయ్యలేదా? కోక్ ఒవెన్లో బట్టీల వరసకి వరస, బేటరీకి బేటరీ రంగేసినాం. అదీ దొంగతనమేనా?"

అక్క ఆయన దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. "మీరు రంగేసిన చోట లోపల బట్టీ మండేది డాడీ. విజిట్ వాళ్ళు పోయినాక కూడా మండేది. ఇక్కడ రంగు గోకితే లోపల ఏటీ లేదు. నా ఫస్ట్ క్లాసూ లేదు."

ఆయన కోటు విప్పి మడత పెట్టుకుని, "టీ అయినా ఇత్తారా వాళ్ళకి, అదీ అబద్ధమేనా?" అన్నాడు.

"టీ నిజమే. నువ్వే పెట్టు."

తనిఖీ బృందం అంటే ఇద్దరే. ఒక పెద్దావిడ, ఆవిడ వెనక సంచీ పట్టుకున్న గుమాస్తా. బలరాం సార్ వాళ్ళను తీసుకుని మెట్లెక్కి, గది చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు. మేము ఎప్పటిలాగే చాప మీద కూర్చుని ఉన్నాం. తెరమీద మేష్టారు ఎప్పటిలాగే నోరు తెరుచుకుని ఆగిపోయి ఉన్నాడు.

ఆ పెద్దావిడ అంతా నెమ్మదిగా చూసింది. కంప్యూటర్లు ఇంతేనా అని హిందీలో అడిగింది.

"మిగతావి సర్వీసింగ్‌కి వెళ్ళాయి మేడమ్" అన్నాడు బలరాం సార్ గబగబా.

"లేదు మేడమ్" అంది అక్క. గొంతు పెంచలేదు. "నిన్నటిదాకా ఇక్కడున్నవి అరువు తెచ్చినవి. తెచ్చింది నేనే. ఈ పొద్దున తిరిగి ఇచ్చేశాను. మావి ఈ నాలుగు. పనిచేసేది ఇది."

"పాఠాలు ఎవరు చెబుతారు?"

"ఈ సారు చెబుతారు, లైను ఉన్నప్పుడు. లేనప్పుడు మేమే చదువుకుంటాం. నేను కూడా ఇక్కడ విద్యార్థినే."

"పేపర్లు ఎవరు దిద్దుతారు?"

"ఎవరూ దిద్దలేదు మేడమ్. రాయపూర్ ఆఫీసులో మెట్ల కింద ఉన్నాయి. కుట్టింది నేను, కుట్టు విప్పలేదు. మార్కులు మాత్రం వచ్చాయి."

బలరాం సార్ ఏదో అనబోయాడు. పెద్దావిడ ఆయనవైపు చూడకుండానే చెయ్యి ఎత్తి ఆపింది. అక్కనే చూస్తూ, "నేను ఇప్పుడేం రాయాలో నీకు తెలుసా? ఈ సెంటర్ ఉండదు. నీ ఉద్యోగం పోతుంది. ఈ పిల్లలు చదివిన చదువు లెక్కలోకి రాదు" అంది.

"తెలుసు మేడమ్. మీరు రాయండి." అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది. ఒక చేత్తో రెండోదాన్ని గట్టిగా పట్టుకుంది. వెనక కూర్చున్న మాకే అది కనిపించింది. "కానీ రాసేసి వెళ్ళిపోకండి. వీళ్ళు ఎక్కడికి పోవాలో అది కూడా చెప్పి వెళ్ళండి. అంతవరకూ మిమ్మల్ని వదలను."

పెద్దావిడ చాప మీదికి చూసింది. నన్ను, నా పక్కవాళ్ళను, చిల్లుల చొక్కాతో ఇమ్మానును. తరువాత కుర్చీ లేదు గనుక కిటికీ అరుగు మీద కూర్చుంది. సత్యరాజుగారు టీ తెచ్చాడు. ఆవిడ తాగుతూ అంతా వివరంగా చెప్పింది. రాయపూర్‌లో పాత సర్కారీ యూనివర్సిటీ ఉంది. కాలేజీలో చేరకుండా ప్రైవేటుగా దాని బి.ఎ. పరీక్ష రాయవచ్చు. అయితే మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి. అక్క జుట్టు ముడిలోని పెన్ను తీసి అన్నీ అరచేతి మీద రాసుకుంది.

ఆ తరువాతి వారాలు అక్కకు బాగా కష్టంగా గడిచాయి. బలరాం సార్ బోర్డు పీకించేశాడు, టెలిఫోను తీయించేశాడు. శంఖినీలో పిల్లల్ని చేర్చిన అమ్మానాన్నలు సత్యరాజుగారి గుమ్మం ముందుకు వచ్చి అరిచారు. "నీ నీతి నీ దగ్గరుంచుకోవాల గానీ, మా పిల్లల నెత్తిన కొడతావా?" అని ఒకావిడ మట్టి చల్లినంత పని చేసింది. అక్క అందరికీ కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, చెప్పింది చెప్పినట్టే మళ్ళీ చెప్పేది. విన్నవాళ్ళు కొద్దిమందే. సగం మంది కోపంతో పక్కనున్న దుర్గ్‌లో ఇలాంటిదే ఇంకో సెంటర్ ఉంటే అక్కడ చేరిపోయారు. వాళ్ళలో ఇమ్మాను కూడా ఉన్నాడు.

"ఏడాదిన్నర పోయిందక్కా" అన్నాడు వెళ్తూ. "షిఫ్టు చేసి, నిద్ర మానుకుని వచ్చాను. నువ్వు ఒక్క రోజు నోరు మూసుకునుంటే అయిపోయీది."

అతను వీధి మలుపు తిరిగేదాకా అక్క చూస్తూ నిలబడింది.

మా బళ్ళో పెద్ద మేడమ్‌కు నేనే వెళ్ళి చెప్పాను, డిగ్రీకి ఇంకా మూడేళ్ళు పడుతుందని. ఆవిడ నిట్టూర్చి, "సరే, అంతవరకూ ఎవరూ దొరక్కపోతే చూద్దాం" అంది. అంతకన్నా మాట ఇవ్వలేదు. ఏ కొత్త అమ్మాయి గేటు తీసుకుని లోపలికి వచ్చినా నేను పాఠం ఆపి చూసేదాన్ని.

మిగిలిన మేము కొద్దిమందిమి సత్యరాజుగారి వరండాలో సాయంత్రాలు కూర్చునేవాళ్ళం. అక్క మమ్మల్ని దుర్గ్ తీసుకువెళ్ళి పరీక్ష ఫారాలు నింపించింది. పాత పుస్తకాల కొట్ల వెంట తిరిగి సిలబస్ ప్రకారం పుస్తకాలు వెతికింది. పగలు ఒక మందుల కొట్లో బిల్లులు రాసే పని చూసుకుంది. అంత తిరిగి వచ్చినా, వరండాలో లైటు వేసి మాకన్నా ముందే చాప మీద ఉండేది. తన చేతి కింద చదివిన పిల్లల ముందు మళ్ళీ ఒకటో సంవత్సరం పుస్తకం తెరవడానికి ఆవిడకు చిన్నతనం అనిపించలేదు. అనిపించినా మాకు తెలియనివ్వలేదు.

ఆ మరుసటి ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కొత్త చట్టం కింద అలా పుట్టిన ప్రైవేటు యూనివర్సిటీలు చెల్లవని తేల్చింది. దుర్గ్ సెంటర్‌కు తాళం పడింది. ఆ వారమే ఒక సాయంత్రం ఇమ్మాను వచ్చి వరండా మెట్టు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు, వెళ్ళిపోలేదు.

అక్క పుస్తకంలోంచి తలెత్తి చూసింది. "ఈ ఏడు ఫారాల గడువు అయిపోయింది. వచ్చే ఏటికి రాద్దువు. చెప్పులు విప్పి కూర్చో, రాజనీతి శాస్త్రం మొదలెడుతున్నాం" అంది.

అతను వచ్చి నా వెనక కూర్చున్నాడు. నాకైతే, నీకు ముందే చెప్పలేదా అని ఒక్క మాటైనా అనాలనిపించింది. అక్క ముఖంలో ఆ మాట నీడ కూడా లేదు.

మార్చిలో దుర్గ్ కాలేజీలో పరీక్షలు. మొదటిరోజు హాలు గుమ్మంలో కాపలా ఉన్న మేష్టారు అక్కను ఆపి, "అమ్మా, పిల్లల వెంట వచ్చినవాళ్ళు బయట చెట్టు కింద కూర్చోవాలి" అన్నాడు. అక్క హాల్ టికెట్ చూపించింది. ఆయన తడబడి దారి ఇచ్చాడు. అక్క ముందు బెంచీలో కూర్చుని, పేపర్ ఇవ్వకముందే పెన్ను మూత తీసి పెట్టుకుంది.

ఫలితాలు వేసవి చివర వచ్చాయి. కాలేజీ గోడకు అంటించారని తెలిసి ఇద్దరం వెళ్ళాం. నేను సెకండ్ క్లాసులో పాసయ్యాను. నా నంబరు చూసుకున్న సంతోషంలో అక్కది వెతకడం కొంచెం ఆలస్యం చేశాను. అంతలో అక్కే తన నంబరు మీద వేలు పెట్టి నిలబడి ఉంది. అర్థశాస్త్రం పోయింది. ఆ ఒక్క పేపరూ సప్లిమెంటరీ రాయాలి.

ఆవిడ కష్టమంతా నేను చూశాను. మాకందరికీ చెప్పి, మా ఫారాలు నింపి, తన చదువుకు మిగిల్చుకున్నది ఎంతో నాకు తెలుసు.

అక్క ఉన్నట్టుండి నవ్వింది. గోడ దగ్గర నిలబడిన వాళ్ళంతా తిరిగి చూశారు.

"రత్నం, డిమాండ్ గీత తలకిందులు చేసి, దిగాల్సింది ఎక్కేటట్టు వేసీసినాను. ఇంటికొచ్చి పడుకున్నాక అనుమానమొచ్చింది. పట్టీసుకున్నారు, చూశావా!" అని నా భుజం మీద చరిచింది. "ఎవరో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, నేను రాసింది మొత్తం చదివారు. ఇది తప్పు అని కొట్టీసినారు. ఎవరో గానీ, బాగుండాలి."

అక్కావాళ్ళింటికి వెళ్ళేసరికి సత్యరాజుగారు జిలేబీ పొట్లంతో గుమ్మంలో ఉన్నాడు. సంగతి విని, "ఫెయిలైపోయి నవ్వుతావేటే? మరి ఇదేటి సెయ్యాల?" అని పొట్లం చూపించాడు.

"పంచీ డాడీ. రత్నం పాసైంది. అదీ కాక, ఈసారి నాకు వచ్చిన మార్కులు నావే."

సాయంత్రం వరండాలో ఇమ్మాను, మిగతావాళ్ళు చేరారు. అక్క పాఠం చెప్పడానికి ఎప్పుడూ కూర్చునే గోడవైపు చోటు ఖాళీగా వదిలి, వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. అర్థశాస్త్రం పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది.

"చెప్పండి మేడమ్" అంది.

నేను సిగ్గుపడి లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. పెన్సిల్ తీసుకుని పైనుంచి కిందికి గీత గీశాను.

"ఊరికే గీసీకు" అంది అక్క. "ఎందుకు దిగుతుందో చెప్పు. నాకు అర్థమయ్యేదాకా చెప్పు."